ట్రిప్ షీటు వెనకవైపు

డాక్టరమ్మ ఒక నోటుబుక్కు కొనుక్కోమంది.
కొనలేదు.
పాత ట్రిప్ షీట్లున్నాయి కదా,
వెనకవైపు తెల్లగానే ఉంటుంది.

సోమవారం. మొదటి ట్రిప్పు, మెజెస్టిక్ నుంచి అత్తిబెలె.
టీ, రెండు రస్కులు.
ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఇంకో టీ.
పదకొండున్నరకి చిత్రాన్నం పొట్లం, సగం.
సిల్కుబోర్డు దగ్గర నలభై నిమిషాలు.
అక్కడ ఏమీ తినలేదు,
గోక్కున్నాను.

అదీ రాయమంది. సున్నా నుంచి పది దాకా
దురదకి అంకె వెయ్యమంది.
టికెట్టు కొట్టినట్టే కొట్టాను:
ఆరు. ఏడు. ఆరు.

మా భాషలో దీని పేరు తామర.
చెరువులో పూస్తే దండం పెడతారు,
మోచేతి మడతలో పూస్తే
చిల్లర కాస్త పైనుంచి వదలమంటారు.
మడివాళలో ఎక్కిన ఒకావిడ
సున్నా టికెట్టు కొసని రెండు గోళ్ళతో పట్టుకుని
నా వేలు తగలకుండా లాక్కుంది.
ఆమె తప్పేం లేదు.
అంటుకోదని నాకు తెలుసు,
అయినా నా అరచెయ్యి చూస్తే నాకే నమ్మబుద్ధి కాదు.

ముప్పై ఎనిమిదేళ్ళకి వచ్చింది.
చింతామణిలో ఉన్నప్పుడు
రాయి తగిలి చీరుకుపోయినా
నాలుగు రోజుల్లో మూసుకునే తోలు ఇది.
అప్పుడేం తినేదానివని అడిగింది.
సంగటి, అన్నాను.
ఆ మాటకే నోట్లో నీళ్ళూరాయి, సిగ్గేసింది.
సంగటి, అనపగింజల పులుసు,
గట్టు మీద గిల్లుకొచ్చిన దొగ్గలాకు, చెంచలాకు,
పేరు తెలియని ఇంకో రెండాకులు.

అయితే తిండి వల్లేనా, అన్నాను.
పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.
అలా చెప్పలేం మునిలక్ష్మీ.
మంచి తిండి తినేవాళ్ళకీ వస్తుంది.
సరిగ్గా తిననివాళ్ళలో కాస్త ఎక్కువ కనిపిస్తుందంటారు,
ఏది ముందో ఏది వెనకో ఎవరు చూశారు?
రాత్రంతా గోక్కున్న మనిషి
తెల్లారి లేచి పప్పు వండుతుందా?
తిండి బాగుచేసుకో. పూతమందు మాత్రం మానకు.

అక్కడే నచ్చింది నాకామె.
మా వీధిలో అందరికీ అన్నీ తెలుసు.
వంకాయ మానమన్నారు, చేప మానమన్నారు,
మా ఆడపడుచు పెరుగు కూడా మాన్పించింది.
అన్నీ మానేస్తే మిగిలేది రస్కే.

ఇరవై రెండు షీట్లయ్యాక
ఒక ఆదివారం పరుపు మీద పరిచాను.
కండక్టర్ని, కూడిక నాకు కొత్త కాదు.
టీలు: నూట ముప్పై ఒకటి.
పండు: సగం కమలా. అదీ ఎవరో పసిది
తగొళ్ళి ఆంటీ అని చేతిలో పెట్టింది,
అదే చేతిలో.
ఆకుకూర: సున్నా టికెట్టు.
కూర్చుని తిన్న భోజనాలు: మూడు.
ఈ గడి ఆమె అడగలేదు, నేనే గీసుకున్నాను.

డిపోలో లెక్క తక్కువొస్తే జేబులోంచి కట్టాలి.
ఇన్నేళ్ళ తక్కువ
ఒంట్లోంచి కట్టానేమో.
ఏమో. ఆమెకే తెలియనిది నాకేం తెలుసు.

ఇప్పుడు కలాసిపాళ్యం సిగ్నల్లో
తలుపు దగ్గర నిలబడి రెండు కట్టలు కొంటాను.
చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అక్కా,
అని నవ్వుతాడు మా డ్రైవరు ఓబుళపతి, హిందూపురం మనిషి.
కాలింది చేతులే కదరా,
పట్టుకున్నవీ ఆకులే కదా!

ఐదు. ఐదు. ఒక రోజు నాలుగు.
చక్కగా తిని, చక్కగా పడుకున్న గురువారం
ఎనిమిది.
ఎందుకో ఏ షీటులోనూ లేదు.

నిన్నటిది:
సంగటి, ఒకటిన్నర ముద్ద.
పులుసులో ఏదో ఆకు, పేరు కనుక్కోవాలి.
సిల్కుబోర్డు ముప్పై ఐదు నిమిషాలు.
అంకె వెయ్యడం మరిచిపోయాను.